రోడ్డు పనికి ఏ ప్రాక్టర్ పరీక్ష? లైట్, హెవీ, వైబ్రేషన్ పద్ధతుల పోలిక

మట్టి పనిలో ‘కాంపాక్షన్ (మట్టి బిగింపు) 97 శాతం వచ్చింది’ అన్న మాట వినగానే అడగవలసిన మొదటి ప్రశ్న, దేనిలో 97 శాతం అని. ఆ శాతంలో పైన ఉండేది రోలర్ తిరిగిన లేయరులో గుంత తవ్వి లెక్కకట్టిన పొడి సాంద్రత, అంటే తేమ బరువు తీసేస్తే వచ్చే సాంద్రత. కింద ఉండేది అదే మట్టికి ప్రయోగశాలలో వచ్చిన గరిష్ఠ పొడి సాంద్రత, అంటే ఎండీడీ. సాధారణంగా దాన్ని తేల్చేదే ప్రాక్టర్ పరీక్ష. పై అంకె మీద సైట్‌లో అందరి కళ్లూ ఉంటాయి. కింది అంకె ఏ పరీక్షతో, ఏ మౌల్డులో, ఏ నమూనాతో వచ్చిందో చాలా పనుల్లో ఎవరూ అడగరు. పని మొదట్లో ఒకసారి వచ్చిన ఎండీడీ ఫైలులో చేరిపోతుంది. ఆ తరువాత నెలల తరబడి జరిగే తనిఖీలన్నీ దాని మీదే నడుస్తాయి. అందుకే ప్రయోగశాల పరీక్షను ఎంచుకోవడంలో ఉన్న ప్రత్యామ్నాయాలను, ఏది ఏ పనికి సరిపోతుందో, ఎక్కడ పొరపాటు దొర్లుతుందో ఇక్కడ కొంత వివరంగా చెప్పదలచాను.

లైట్ కాంపాక్షనా, హెవీ కాంపాక్షనా

రెండు పరీక్షల సూత్రం ఒక్కటే. తేమ శాతాన్ని క్రమంగా పెంచుతూ, ప్రతిసారీ మట్టిని మౌల్డులో ఒకే శక్తితో కొట్టి, పొడి సాంద్రతను లెక్కించి గ్రాఫ్ గీస్తే వక్రరేఖ ఒక శిఖరానికి చేరి కిందికి దిగుతుంది. ఆ శిఖరం దగ్గరి సాంద్రత ఎండీడీ, అక్కడి తేమ ఓఎంసీ, అంటే మట్టి బాగా బిగియడానికి తగిన తేమ శాతం. కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టల పని చేసిన ఇంజినీరు ఆర్. ఆర్. ప్రాక్టర్ 1933లో ఈ పద్ధతిని ప్రచురించాడు. ఆ రోజుల రోలర్లకు తగిన శక్తి అది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బరువైన విమానాలు దిగే రన్‌వేల కోసం అమెరికా సైన్యపు ఇంజినీర్లు దానినే ఎక్కువ శక్తితో మార్చుకున్నారు. మనం లైట్, హెవీ అంటున్నవి ఆ రెండింటి వారసులే.

మన దేశంలో లైట్ కాంపాక్షన్‌కు మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720లోని ఏడవ భాగం ఆధారం. 1000 ఘనపు సెంటీమీటర్ల మౌల్డులో మూడు పొరలుగా మట్టి వేసి, 2.6 కిలోల ర్యామర్‌ను (దిమ్మిసను) 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ పొరకు 25 దెబ్బలు వేయాలి. హెవీ కాంపాక్షన్‌కు ఎనిమిదవ భాగం ప్రమాణం. అక్కడ ర్యామర్ 4.9 కిలోలు, పడే ఎత్తు 450 మిల్లీమీటర్లు, పొరలు ఐదు, పొరకు దెబ్బలు అవే 25. లెక్క కడితే లైట్ పరీక్షలో ఘనపు మీటరుకు సుమారు 593 కిలోజౌళ్ల శక్తి, హెవీలో సుమారు 2,700 కిలోజౌళ్లు పడతాయి, అంటే దాదాపు నాలుగున్నర రెట్లు. శక్తి పెరిగిన కొద్దీ శిఖరం పైకి, ఎడమవైపుకు జరుగుతుంది: ఎండీడీ పెరుగుతుంది, ఓఎంసీ తగ్గుతుంది.

ఈ తేడా సైట్‌లో ఎంత దూరం వెళుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఎర్ర గరప మట్టికి లైట్ పరీక్షలో ఎండీడీ ఘనపు సెంటీమీటరుకు 1.88 గ్రాములు, ఓఎంసీ 13.5 శాతం; హెవీలో ఎండీడీ 2.02, ఓఎంసీ 10 శాతం వచ్చాయనుకోండి. రోలర్ తిరిగిన లేయరులో పొడి సాంద్రత 1.90 ఉంది. లైట్ లెక్కన అది 101 శాతం. హెవీ లెక్కన 94 శాతం. అదే లేయరు, అదే గుంత, అదే మట్టి ఒక రిజిస్టరులో దర్జాగా పాసవుతుంది, మరొక రిజిస్టరులో రోడ్డు ఎత్తు కోసం పోసే మట్టి కట్ట పనికి కూడా చాలదు. నీళ్ల ట్యాంకర్ విషయమూ అంతే. లైట్ ఓఎంసీ చూసుకుని 13.5 శాతం తేమతో పరిచిన మట్టిని బరువైన వైబ్రేటరీ రోలర్‌తో తొక్కిస్తే, మట్టి కొంత దూరం నలిగి, ఆపైన చక్రం కింద మెత్తని పరుపులా ఊగడం మొదలవుతుంది. రోలర్ ఆపరేటరు ఎన్ని పాసులు వేసినా హెవీ సాంద్రత రాదు, ఎందుకంటే ఆ తేమ దగ్గర మట్టి రేణువుల మధ్య ఉన్న నీటికి పోయే దారి లేదు.

కనుక ఎంపికకు తొలి ఆధారం కాంట్రాక్టు పత్రంలోని స్పెసిఫికేషను. జాతీయ రహదారులకు, వాటిని అనుసరించే చాలా రాష్ట్ర రహదారులకు కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ స్పెసిఫికేషన్లు, 2013 నాటి ఐదవ సవరణతో సహా, హెవీ కాంపాక్షన్‌నే ప్రమాణంగా తీసుకుంటాయి: కట్టకు ఎండీడీలో 95 శాతం, సబ్‌గ్రేడ్‌కూ (పేవ్‌మెంట్ కిందనే ఉండే మట్టి పొర) మట్టి షోల్డర్లకూ (రోడ్డు అంచు పట్టీలు) 97 శాతం, వాటి పైన వచ్చే రాతి పొరలైన గ్రాన్యులర్ సబ్‌బేస్‌కూ వెట్ మిక్స్ మెకాడంకూ 98 శాతం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (పీఎంజీఎస్‌వై) కింద వేసే గ్రామీణ రోడ్లలో సబ్‌గ్రేడ్‌కు స్టాండర్డ్ ప్రాక్టర్, అంటే లైట్ పరీక్ష సాంద్రతలో నూరు శాతం అడుగుతారు. వినడానికి 97 కన్నా 100 కఠినంగా ఉంటుంది. పై ఉదాహరణలో చూస్తే హెవీలో 97 శాతం 1.96, లైట్‌లో నూరు శాతం 1.88. రెండు రకాల పనులూ ఒకేసారి చేసే కాంట్రాక్టర్ల ప్రయోగశాలలో ఈ రెండు అంకెలు కలిసిపోయే ప్రమాదం ఎక్కువ. రిజిస్టరులో ఎండీడీ పక్కన ‘లైట్’ లేదా ‘హెవీ’ అన్న ముక్క రాయని రిపోర్టును తిప్పి పంపడమే మంచిదని నా అభిప్రాయం.

స్పెసిఫికేషన్ ఎండీడీకే కనీస హద్దు పెడుతుందన్న సంగతి కూడా మరువకూడదు. మూడు మీటర్ల లోపు ఎత్తుండి వరద ముంపు లేని కట్టకు వాడే మట్టి ప్రయోగశాల పొడి సాంద్రత ఘనపు మీటరుకు 15.2 కిలోన్యూటన్లకు తగ్గకూడదు. అంతకన్నా ఎత్తైన కట్టకు, చాలా రోజులు నీట మునిగే కట్టకు 16.0, సబ్‌గ్రేడ్‌కు 17.5, అంటే ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.78 గ్రాములు. ఇవి హెవీ పరీక్ష అంకెలు. లైట్ పరీక్ష చేసి, సాంద్రత చాలలేదని మంచి క్వారీని వదులుకుంటే నష్టం పనికే.

స్పెసిఫికేషన్ ఏదీ చెప్పని చిన్న పనుల్లో, అంటే లేఅవుట్ రోడ్లు, ఫ్యాక్టరీ ఆవరణ రోడ్లు, పొలాల దారుల వంటి వాటిలో, సైట్‌కు వచ్చే రోలర్‌ను చూసి నిర్ణయించండి. ఎనిమిది పది టన్నుల వైబ్రేటరీ రోలర్ వస్తుంటే హెవీ. చిన్న ప్లేట్ వైబ్రేటర్లు, పాత స్టాటిక్ రోలర్లు మాత్రమే దొరికే చోట హెవీ అంకె పెట్టుకుంటే అది కాగితం మీదే మిగులుతుంది. అక్కడ లైట్ పరీక్ష పెట్టుకుని నూరు శాతం నిజంగా సాధించడం మేలు.

నల్లరేగడి విషయంలో ఎక్కువ సాంద్రత మేలు చేయదు

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలో పని చేసినవారికి ఈ విభాగం కొత్త కాకపోవచ్చు, కానీ పరీక్ష ఎంపికలో అన్నిటికన్నా ఆలోచించవలసింది ఇక్కడే. నల్లరేగడిని ఓఎంసీ కన్నా తక్కువ తేమలో, బలంగా కొడితే సాంద్రత బాగానే వస్తుంది. అలా పొడిగా బిగిసిన బంకమట్టికి దాహం తీరదు. మొదటి వానాకాలంలో నీరు తగలగానే ఉబ్బి పైనున్న పేవ్‌మెంట్‌ను ఎత్తేస్తుంది. అదే మట్టిని ఓఎంసీకి కాస్త పైన, మితమైన సాంద్రతతో తొక్కిస్తే రేణువులు వేరే అమరికలో కుదురుకుంటాయి, ముందే కొంత నీరు తాగి ఉంటాయి, కాబట్టి ఉబ్బు తగ్గుతుంది. ఎండినప్పుడు కుంచించుకునే గుణం మాత్రం కొంత పెరుగుతుంది. అందుకే పైన మొరం కప్పి, అంచులను కాపాడుకోవాలి.

స్పెసిఫికేషన్ కూడా ఈ స్వభావాన్ని గుర్తించింది. ఉబ్బే మట్టిని సబ్‌గ్రేడ్‌లోనూ దాని కిందనున్న 500 మిల్లీమీటర్లలోనూ అసలు అనుమతించదు. మిగిలిన కట్ట భాగంలో వాడితే హెవీ సాంద్రతలో 90 శాతం చాలంటుంది. నీటిలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటిన మట్టిని కట్టకు వాడనే కూడదు. కాబట్టి నల్లమట్టి నమూనా ల్యాబ్‌కు రాగానే ప్రాక్టర్ కన్నా ముందు ఐఎస్ 2720 నలభయ్యవ భాగం ప్రకారం ఫ్రీ స్వెల్ చూడండి. అక్కడే తేలిపోయే మట్టికి ప్రాక్టర్ చేయడం వృథా శ్రమ.

నల్లమట్టికి ప్రాక్టర్ చేసేటప్పుడు ఓపిక కావాలి. నీళ్లు చల్లి కలిపి వెంటనే మౌల్డులో వేస్తే ఉండల లోపల పొడి, పైన తడి ఉంటుంది; వక్రరేఖ కుదరదు. బంక ఎక్కువున్న మట్టిని నీటితో కలిపి గాలి చొరని డబ్బాలోనో, మూతి కట్టిన సంచిలోనో కనీసం 16 గంటలు ఉంచాలని ప్రమాణం చెబుతోంది. పొద్దున నమూనా వస్తే సాయంత్రానికి రిపోర్టు కావాలని ల్యాబ్ మీద ఒత్తిడి పెట్టేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: నల్లమట్టికి ఒకే రోజులో వచ్చిన ప్రాక్టర్ రిపోర్టు నమ్మదగింది కాదు.

సున్నంతో స్థిరపరచే పనుల్లో విడి మట్టికి వచ్చిన ఎండీడీని వాడకూడదు. సున్నం కలిపితే సాంద్రత తగ్గి ఓఎంసీ పెరుగుతుంది. కలిపిన తరువాత ఎంతసేపటికి కొట్టారన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. సైట్‌లో కలపడానికీ రోలింగ్‌కూ మధ్య మూడు గంటలు పడుతుంటే, ల్యాబ్‌లోనూ ఆ మూడు గంటలు ఆగి కొట్టాలి.

మొరం, గ్రావెల్: ఏ మౌల్డు, రాళ్లను ఏం చేయాలి

మొరం పనుల్లో లైట్, హెవీ తేడా కన్నా పెద్ద పొరపాటు మౌల్డు ఎంపికలో జరుగుతుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న మౌల్డులో పెద్ద రాళ్లకు చోటుండదు, కనుక 20 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచిన రాళ్లను తీసి పక్కన పెట్టి పరీక్ష చేస్తారు. రాళ్లు కొద్దిగా ఉంటే ఇబ్బంది లేదు. కొంచెం ఎక్కువైతే 150 మిల్లీమీటర్ల వ్యాసం, 2250 ఘనపు సెంటీమీటర్ల మౌల్డుకు మారి, హెవీ పరీక్షలో పొరకు 25కు బదులు 56 దెబ్బలు వేయాలి. మౌల్డు మార్చి దెబ్బలు మార్చకపోతే, మట్టి రెండింతలకు పైగా ఉంటుంది, శక్తి మాత్రం పాతదే ఉంటుంది. ఎండీడీ తక్కువ వచ్చి సైట్‌లో అన్నీ పాసవుతాయి.

రాళ్లు తీసేసి చేసిన పరీక్షకు దిద్దుబాటు లేకపోతే ఏమవుతుందో చూడండి. మట్టిలో ఐదో వంతు రాళ్లున్నాయి, రాయి సాపేక్ష సాంద్రత 2.60, రాళ్లు తీసిన మట్టి ఎండీడీ 2.00. ఈ రెండింటినీ వాటి పాళ్ల ప్రకారం కలిపి కడితే మొత్తం మట్టికి రావలసిన సాంద్రత 2.10 దాకా ఉంటుంది. సైట్‌లో గుంత తవ్వినప్పుడు రాళ్లు కూడా తూకంలోకి వస్తాయి కదా. అక్కడ 1.98 వస్తే, దిద్దని ఎండీడీతో 99 శాతం, దిద్దిన దానితో 94 శాతం. రాళ్ల మొరంతో సబ్‌గ్రేడ్ వేసిన చోట కాగితం మీద ఏ లోపమూ లేకుండానే తరువాత రోడ్డు కుంగడానికి ఇదొక సాధారణ కారణం.

మరొకటి, నమూనాను మళ్లీ మళ్లీ వాడటం. సమయం, మట్టి కలిసొస్తాయని చాలామంది ఐదారు కిలోల మట్టితోనే మొదలుపెట్టి, కొట్టిన మట్టిని చిదిమి, ఇంకొంచెం నీరు కలిపి మళ్లీ కొడతారు. గట్టి రేణువుల మట్టికి ప్రమాణం దీన్ని ఒప్పుకుంటుంది. దెబ్బకు పొడిపొడి అయ్యే మెత్తని మొరం, జేగురు రాయి జాతి మట్టికి మాత్రం ప్రతి తేమకూ కొత్త నమూనా తీసుకోవాలి. ఐదోసారి కొట్టేసరికి అది మొదటి మట్టి కాదు. సన్నని పిండి పెరిగి సాంద్రత ఎక్కువ కనిపిస్తుంది. ఇక్కడ పొరపాటు సైట్ మీద అన్యాయంగా పడుతుంది: రోలర్ ఎంత తిరిగినా ఆ అంకె రాదు.

ఇసుకకూ బూడిదకూ

బ్రిడ్జి అప్రోచ్‌లలో నింపే శుభ్రమైన ఇసుకకు ప్రాక్టర్ సరిపడదు. దెబ్బ పడితే ఇసుక పక్కకు జరుగుతుంది తప్ప బిగియదు, వక్రరేఖకు శిఖరం ఏర్పడదు. 75 మైక్రాన్ల జల్లెడ దాటే సన్నని రేణువులు 12 శాతం లోపు ఉన్న మట్టికి ఐఎస్ 2720 పద్నాలుగవ భాగం ప్రకారం వైబ్రేటింగ్ టేబుల్ మీద అతి తక్కువ, అతి ఎక్కువ సాంద్రతలు కట్టి, సైట్ సాంద్రత ఆ రెండు హద్దుల మధ్య ఎక్కడుందో చెప్పే సాంద్రతా సూచికను వాడాలి. ఈ సూచికను కాంపాక్షన్ శాతంగా చదవకండి. కనిష్ఠం 1.45, గరిష్ఠం 1.75 ఉన్న ఇసుక సైట్‌లో 1.66 ఉంటే సూచిక 74 శాతం, గరిష్ఠంతో నిష్పత్తి 95 శాతం. టేబుల్ లేని చోట వైబ్రేటింగ్ హ్యామర్‌తో చేసే పద్ధతి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1377లో ఉంది. గల్ఫ్ దేశాల ప్రాజెక్టుల్లో పని చేసిన మనవాళ్లకు అది పరిచితమే. ఇక్కడ వాడాలంటే ముందుగా కన్సల్టెంటు అనుమతి తీసుకోవాలి.

రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల బూడిదతో కట్ట వేసేటప్పుడు ప్రాక్టరే వాడతారు. బూడిద సాంద్రత సహజంగానే తక్కువ. పైన చెప్పిన 15.2 హద్దు దానికి వర్తించదు. థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల నుంచి తెచ్చే బూడిద గుణం ఒకే చెరువులో ఒక మూల నుంచి మరో మూలకు మారుతుంది, కనుక ఒక్క ఎండీడీతో సరిపెట్టుకోకండి.

సీబీఆర్‌తో పొంతన

ప్రాక్టర్ ఎంపిక సీబీఆర్‌లోకి, అంటే పేవ్‌మెంట్ మందం తేల్చడానికి మట్టి బలాన్ని కొలిచే పరీక్షలోకి కూడా పాకుతుంది. సబ్‌గ్రేడ్‌ను 97 శాతానికే తొక్కిస్తాం కాబట్టి, నాలుగు రోజులు నానబెట్టే సీబీఆర్ నమూనా కూడా ఆ 97 శాతం సాంద్రతలోనే ఉండాలి. పొరకు 56 చొప్పున హెవీ దెబ్బలన్నీ వేసి తయారుచేస్తే నమూనా నూరు శాతానికి చేరి సీబీఆర్ ఎక్కువ చూపుతుంది, పేవ్‌మెంట్ మందం తగ్గిపోతుంది. కావలసిన సాంద్రతకు సరిపడా మట్టిని తూచి మౌల్డులో నొక్కి కూర్చడం ఇక్కడ నిక్కమైన మార్గం. ఐఎస్ 2720 పదహారవ భాగం దానికి అవకాశమిస్తుంది. డిజైన్ రిపోర్టులో సీబీఆర్ అంకె పక్కన నమూనా సాంద్రత లేకపోతే అడిగి తీరాలి.

చేతి ర్యామర్, యంత్రం. సైట్ ల్యాబ్, బయటి ల్యాబ్

యంత్రపు ర్యామర్ అలసిపోదు, దెబ్బ లెక్క తప్పదు. రోజూ పరీక్షలుండే పెద్ద ప్యాకేజీలో అది కొనడం సమంజసం. చిన్న పనికి చేతి ర్యామర్ చాలు, కానీ దగ్గరుండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మౌల్డు గట్టి కాంక్రీటు నేల మీద ఉండాలి. చెక్క బల్ల మీద పెడితే దెబ్బ శక్తి బల్లలోకి పోతుంది. గైడ్ గొట్టంలో తడి మట్టి పేరుకుంటే ర్యామర్ పూర్తి ఎత్తు నుంచి పడదు, కనుక మధ్యమధ్య తుడవాలి. చివరి పొర మౌల్డు పైన బిగించే కాలర్‌లోకి 6 మిల్లీమీటర్లకు మించి లేవకూడదు. రెండు వేళ్ల మందం మట్టి పైకి లేచి, దాన్ని స్ట్రెయిట్ ఎడ్జ్‌తో కోసి పారేస్తున్నారంటే, దెబ్బల్లో కొంత భాగం ఆ పారేసిన మట్టికి పోయినట్టే. పాత మౌల్డు లోపలి వ్యాసం 100 నుంచి 101 మిల్లీమీటర్లకు అరిగిందంటే ఘనపరిమాణం రెండు శాతం పెరిగింది. అయినా లెక్కలో 1000 అనే వేసుకుంటే 1.90 ఎండీడీ 1.94గా రిపోర్టుకెక్కుతుంది. మౌల్డు కొలిపించడం ఖర్చు లేని పని.

తేమ కట్టడానికి 105 నుంచి 110 డిగ్రీల ఓవెన్‌దే చివరి మాట. కాల్షియం కార్బైడ్ మీటరు నిమిషాల్లో చెబుతుంది, రోలింగ్ నడుస్తుండగా అది ఎంతో ఉపయోగం. అయితే అది తడి మట్టి బరువు మీద శాతం చూపుతుంది. మీటరులో 15 కనిపిస్తే పొడి బరువు మీద 17.6. ప్రాక్టర్ వక్రరేఖ గీయడానికి మాత్రం ఓవెన్ తేమనే వాడండి.

సైట్ ల్యాబ్ రోజువారీ పనికి తప్పదు. మంత్రిత్వ శాఖ స్పెసిఫికేషన్ ప్రతి 3000 ఘనపు మీటర్ల మట్టికి రెండు సాంద్రత పరీక్షలు అడుగుతుంది. వాటన్నిటికీ బయటికి పంపితే పని ఆగిపోతుంది. కొత్త బారో ఏరియా (మట్టి తవ్వి తెచ్చే చోటు) తెరిచినప్పుడు, వివాదం వచ్చినప్పుడు, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌ఏబీఎల్ ఆమోదమున్న ల్యాబ్‌కో ఇంజినీరింగ్ కళాశాల ల్యాబ్‌కో అదే నమూనాలో సగం పంపి రెండు ఫలితాలనూ పోల్చుకోవడం నా సలహా. బయటి ల్యాబ్ ఫలితం తెస్తుందే గాని, మీరు పంపిన సంచిలోని మట్టి క్వారీ అంతటికీ ప్రతినిధి అని హామీ ఇవ్వదు. నమూనా తీసే రోజు క్వాలిటీ కంట్రోల్ మనిషి గుంత దగ్గరే ఉండాలి.

రిపోర్టు చేతికి వచ్చాక

మొదట సంతృప్త రేఖతో, అంటే మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండితే వచ్చే సాంద్రత హద్దుతో, సరిచూడండి. మట్టి సాపేక్ష సాంద్రత 2.70, తేమ 12 శాతం అయితే గాలి బొత్తిగా లేకపోయినా పొడి సాంద్రత 2.04 దాటదు. రిపోర్టులో 12 శాతం దగ్గర 2.10 ఉంటే తూకమో తేమో మౌల్డో తప్పింది. ఆ తరువాత శిఖరానికి రెండు వైపులా కనీసం రెండేసి బిందువులున్నాయా చూడండి. ఒకవైపు ఒక్క బిందువుతో పెన్సిల్ వంచి గీసిన శిఖరం ఊహ మాత్రమే.

సైట్‌లో 103, 105 శాతాలు వరుసగా వస్తుంటే రోలర్ బాగా పనిచేస్తోందని సంతోషపడి ఊరుకోకండి. హెవీ కాంపాక్షన్‌లో అలాంటి అంకెలకు చాలాసార్లు కారణం మట్టి మారడం: క్వారీలో పైపొర అయిపోయి కిందనున్న గ్రావెల్ వస్తోంది, రిజిస్టరులో మాత్రం పాత ఎండీడీ నడుస్తోంది. అదే గుంత దగ్గర తవ్విన మట్టిని తీసుకెళ్లి, ఓఎంసీకి కొంచెం తక్కువ తేమలో ఒక్క మౌల్డు కొట్టి, ఆ బిందువు ఆ క్వారీకి ముందే గీసిపెట్టుకున్న వక్రరేఖలలో దేనికి దగ్గరగా పడుతుందో చూస్తే, ఏ ఎండీడీతో భాగించాలో ఆ పూటకే తెలుస్తుంది. ఏ రేఖకూ దగ్గర పడకపోతే పూర్తి ప్రాక్టర్ కొత్తగా చేయించి, అది వచ్చేదాకా ఆ లేయరు మీద తరువాతి లేయరు పరవనివ్వకండి.